ఎరకి వాటాలుండవు

బహుళ నవమి

రోజూ రాయమని మా ఇనుపతిప్ప పెద్దల ఆజ్ఞ. ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎంత ఎర తయారైంది, ఎవరు దగ్గారు, అన్నీ రాయాలట. చదివే నాథుడు ఒక్కడూ లేడని నాకు తెలుసు. అయినా రాస్తాను. నోరు మూసుకుని కూర్చునే అలవాటు ఈ అచ్చాయమ్మకు పుట్టుకతోనే లేదు.

ఎవరో ఎప్పుడో సముద్రం అడుగు నుంచి గ్యాసు తోడుకుని వదిలేసి పోయిన ఇనుప కాళ్ళ మీద మా కాపురాలు. ఒడ్డున ఊళ్ళు మునిగాక మాకు వేరే చోటు ఎవరిచ్చారు గనక! కింద వలలు, పైన బాతులు, మధ్యలో నా ఎర గది.

పొద్దున్నే నేనూ, మా చెల్లెలు లోవతల్లీ బాతు గుడ్లు కొట్టడానికి కూర్చున్నాం. సొన విడదీయాలి, సారాలో కలిపి కొవ్వు లాగాలి, గాజు కుండ గోడలకి పలచగా ఆరబెట్టాలి, ఉప్పునీళ్ళు పోసి గిలకొట్టాలి, ఆ పైన జల్లెడ పొర గుండా చేతులు పడిపోయేలా నొక్కాలి. చివరికి పాలలాంటి తెల్లటి నీళ్ళు వస్తాయి. ఆ నీళ్ళ నిండా కంటికి కనబడని కొవ్వు బుడగలు. వాటినే మావాళ్ళు ఎర అంటారు. జాలర్లు పెట్టిన పేరు, తప్పెందుకు పెడతారు? తుప్పుదగ్గు పురుగు ఊపిరితిత్తుల్లో కూర్చుని విషం కక్కుతుంది. ఆ విషానికి కొవ్వు కావాలి. మన కణాల గోడల్లో కొవ్వుంటుంది కాబట్టి అక్కడ అతుక్కుని బెజ్జాలు పెడుతుంది. దారిలో అంతకంటే రుచైన బుడగ ఎదురైతే దానికి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. పురుగుల్ని చంపే మందులు మా అమ్మమ్మ నాడే పనిచేయడం మానేశాయి. ఇప్పుడు పురుగుని ఒళ్ళే చంపుకోవాలి, అందాకా కణాల్ని కాపాడేది ఎర.

ఇరవై మందికి సరిపడా బుడ్లు చల్లపెట్టెలో ఉన్నాయి. జల్లెడ పొరలు మాత్రం రెండే మిగిలాయి. పడవెక్కి, మునగకుండా మిగిలిన గట్టు మీదికి పోయి తెచ్చుకోవాలి.

"నువ్వెల్లేవంటే ఆ కొట్టువాడి నాలుగు పళ్ళూ ఊడగొట్టి గానీ రావు," అంది లోవతల్లి.

"పొరలిస్తే పళ్ళు వదిలేస్తాను."

నవ్వింది. నవ్వుతూ మొహం పక్కకి తిప్పుకుంది. గుడ్డు నీచు వాసనేమో అనుకున్నాను.

బహుళ త్రయోదశి

ఉత్త చేతులతో వచ్చాను. పొరలు లేవు, వారం పోయాక రమ్మన్నాడు. దానికి తోడు గాలివాన. పడవ కదిలేదాకా గట్టు మీదే పడి ఉన్నాను.

నిచ్చెన ఎక్కేసరికి మా మరిది నూకరాజు ఎదురొచ్చాడు. లోవతల్లి మొగుడు, తిప్పలో ఐసు గది వాడి చేతిలోనే ఉంటుంది.

"వదినా, నువ్వేం బయపడకు. గాలికి సల్లపెట్టె సచ్చిపోయింది గానీ ఎర బుడ్లన్నీ నాను ఐసులో కప్పెట్టేసేను. ఉప్పు కూడా సల్లేను. మేలు సందువా సేపలకి సేసినట్టు సేసేను. ఒక్క బుడ్డి పోలేదు."

పరుగెత్తాను. బుడ్లన్నీ రాళ్ళలా గడ్డకట్టి ఉన్నాయి. ఒకటి అరచేతిలో పెట్టుకుని కరిగిస్తే విరిగిన పాలలా ముద్దలు తేలాయి. ఎర చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. మంచు సూదులు బుడగల్ని చీల్చేస్తాయి. మిగతా లోకంలో ఎవరైనా ఇది వట్టి నీళ్ళలో పెట్టేవారేమో, నీడలో పెట్టేవారేమో. మావాళ్ళకి విలువైనదేదైనా ఐసులోకి పోవాలి. ఇంకా విలువైనదైతే ఉప్పేసిన ఐసులోకి పోవాలి. తాతల నుంచి వాళ్ళని బతికించిన జ్ఞానం అది.

"నీ చేతులు పడిపోను! ఎవడు ముట్టుకోమన్నాడ్రా నిన్ను?" అని అరిచాను.



"లోవ దగ్గుతంది వదినా," అన్నాడు. "నువ్వెల్లిన నాటి నుంచీ దగ్గుతంది. అందుకే గదా నాను అంత బద్రంగా దాసేను."

నేను వెళ్ళిన నాడే దగ్గు మొదలైందట. చెబితే నేను ప్రయాణం మానుకుంటానని చెప్పలేదట. మొహం తిప్పుకున్నది అందుకన్నమాట. సూది వేయడం తిప్పలో నాకు తప్ప ఎవరికీ రాదు. మంచం పక్కన గిన్నెలో చూస్తే కళ్ళె ఇనుప మెట్లకు పట్టిన తుప్పు రంగులో ఉంది. ఆ రంగు వచ్చిందంటే లోపల కణాలు అప్పటికే చిరుగుతున్నట్టు.

మొత్తం తొమ్మిది మంది దగ్గుతున్నారు.

బహుళ చతుర్దశి

ముద్దలైన కొవ్వునంతా పోగు చేసి, మిగిలిన రెండు పొరలతో మళ్ళీ నొక్కాను. మొదటిది సగంలోనే చిరిగింది. రెండోది కాసేపు నిలబడి అదీ చిరిగింది. ముగ్గురికి సరిపడా ఎర వచ్చింది. అంతకు మించి ఒక్క చుక్క రాదు. బాతులు గాలికి బెదిరి గుడ్లు పెట్టడం ఆపేశాయి.

పైచదును మీద అందరూ చేరారు. తిప్ప పెద్ద పోలయ్య కూర్చున్నాడు. మా తిప్పలో ఏది వచ్చినా సమానంగా వాటాలేయాలి. కుప్పలు పోశాక ఒకడు వాటి వైపు వీపు తిప్పి నిలబడతాడు. ఇంకొకడు ఒక్కో కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇదెవరికి?" అంటే, చూడకుండా పేర్లు చెబుతాడు. పేరు చెప్పేవాడికి కుప్ప కనబడదు. అందుకే ఇన్నేళ్ళలో వాటా దగ్గర కొట్లాట అన్నది లేదు. ఆ పద్ధతంటే నాకూ గౌరవమే.

"తొమ్మిది వాటాలెయ్యి," అన్నాడు పోలయ్య.

"పెద్దయ్యా, ఎరకి వాటాలుండవు," అన్నాను. "ఊరకుక్కల గుంపులోంచి మేకపిల్లని తప్పించాలంటే కుక్కలన్నిటికీ సరిపడా రొట్టె విసరాలి. చాలకపోతే రొట్టె తిన్నవి తింటాయి, మిగిలినవి మేకని తింటాయి. తొమ్మిది ముక్కలు చేస్తే తొమ్మిది మందీ పోతారు. ముగ్గురికి నిండుగా వేస్తే ముగ్గురన్నా దక్కుతారు."

"ఏ ముగ్గురికి?"

"కళ్ళె రంగు మారనివాళ్ళకి. మారినవాళ్ళకి ఒక్కొక్కరికీ ఈ ఎరంతా వేసినా నమ్మకం లేదు."

గంగులమ్మ లేచింది. వలలు అల్లే మనిషి, మొగుడు అప్పన్న తుప్పు కక్కుతున్నాడు. "అంటే మావోడికి లేదనా? నీ సెల్లికి మాత్రం ఉంటాదా?" అంది.

"మా చెల్లి కళ్ళె రంగు కూడా మారింది గంగులమ్మా."

ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా దాని అర్థం నాకే పూర్తిగా తెలియలేదు.

"పోనీ అలవాటు ప్రకారమే చెయ్యండి. ఒకరు వీపు తిప్పి నిలబడి మూడు పేర్లు చెప్పండి," అన్నాను.

ఎవరూ కదల్లేదు. పోలయ్య తల అడ్డంగా ఊపి, "సేపకైతే పేరు సెప్తాం గానీ, సావుకి ఎవడు సెప్తాడమ్మా?" అన్నాడు. "అందరికీ సమానంగా ఏసెయ్యి. ఆపైన గంగమ్మ తల్లి దయ."

అమావాస్య

వాళ్ళు చెప్పినట్టు చేయలేదు.

తొమ్మిది సూదులు సిద్ధం చేశాను. మూడింట్లో ఎర నింపాను, ఆరింట్లో ఉప్పునీళ్ళు. ఎర తెల్లగా ఉంటుంది, నీళ్ళు తేటగా ఉంటాయి, చూస్తే పట్టుకుంటారు. వెలుతురు తగిలితే మందు చెడిపోతుందని చెప్పి అన్నిటికీ నల్లగుడ్డ చుట్టాను.

నిండు ఎర ధనకొండకి వేశాను, కడుపుతో ఉన్న పిల్ల, మొన్ననే దగ్గు మొదలైంది. పడవ నడిపే మసేనుకి వేశాను. మూడోది గవరయ్యకి. ఈ గవరయ్య నాకు పడని మనిషి. నా గదిని గుడ్ల కంపు గది అని, నన్ను మంత్రగత్తె అని తిప్పంతా చాటుతూ తిరిగే ముసలి ఘటం. వాడి కళ్ళె తేటగా ఉంది. నేనేం చెయ్యను?

"మెల్లిగా పొడవ్వే, ఒల్లు నాది," అని తిట్టాడు. నోరు మూసుకుని పొడిచాను.

ఆఖరున లోవతల్లి దగ్గరికి వెళ్ళాను. నూకరాజు దాని తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నా పక్కన కూర్చుని పదేళ్ళుగా గుడ్లు కొట్టిన మనిషి అది. ఎరకి వెలుతురు తగిలితే ఏమీ కాదని దానికి తెలుసు. నల్లగుడ్డ వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. నేను సూది పొడిచాను.

"అక్క నా వాటా ఏసిందయ్యా," అంది మొగుడితో. "ఇంక నువ్వెల్లి కాసేపు తొంగో. కళ్ళు సూడు ఎలా ఉన్నాయో."

వాడు కళ్ళు తుడుచుకుని, నాకు దణ్ణం పెట్టి పోయాడు. దణ్ణం పెట్టాడు నాకు!

వాడు వెళ్ళాక అది నా వేలు పట్టుకుంది. "ఎవరికేసేవే?"

చెప్పాను. ధనకొండ పేరుకి తల ఊపింది. మసేను పేరుకీ ఊపింది. గవరయ్య పేరు చెప్పగానే కళ్ళు పెద్దవి చేసింది.

"ఆ ముసలి బండకా! సీ, నీ బతుకు మండ!" అని నవ్వడం మొదలెట్టింది. నవ్వు దగ్గులోకి పోయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. వీపు నిమురుతూ ఏడ్చాను. ఎరంతా దీనికే పోసేస్తే బతకడానికి నూటికి ఒక పాలైనా ఆశ ఉండేదేమో అని అప్పుడు అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. ముగ్గురి ప్రాణాలు తీసుకెళ్ళి ఆ ఒక్క పాలు మీద పెట్టలేకపోయాను. అదే నిజం, అంతకంటే గొప్ప కారణం ఏదీ నా దగ్గర లేదు.

శుద్ధ విదియ

లోవతల్లి పొద్దున సముద్రం పోటు మొదలయ్యేవేళ పోయింది. అప్పన్న నిన్ననే పోయాడు. సాయంత్రానికి ఆరుగురూ పోయారు. అందరినీ పడమటి మెట్ల మీదుగా దింపి గంగలో కలిపాం. ధనకొండ గంజి తాగింది. మసేను లేచి కూర్చున్నాడు. గవరయ్య గంజిలో ఉప్పు లేదని గోల చేశాడు.

చెల్లి కూర్చునే పీట గోడ వారగా పెట్టేశాను. ఎర గదిలో పనేమీ లేదు. కుండలు కడిగినవే మళ్ళీ కడిగాను.

శుద్ధ పంచమి

మళ్ళీ పైచదును మీద చేరారు. నన్ను పొగడడానికట.

"వాటాలేస్తే పన్జెయ్యదన్నావు అచ్చాయమ్మా," అన్నాడు పోలయ్య. "సూసేవా? తొమ్మిదో వంతుతోనే ముగ్గురు బతికేరు. గంగమ్మ ఎవరిని ఉంచాలనుకుందో ఆల్లని ఉంచింది. ఇకమీదట ఎంత ఎర వచ్చినా తిప్పలో అందరికీ తలా సుక్క ముందే ఏసేద్దాం. పిల్లలకి కూడా."

అందరూ తలలూపారు. గవరయ్య అయితే తన ఒంటి గట్టిదనం గురించి ఉపన్యాసం మొదలెట్టాడు. అంతా కలిసి రాబోయే ఎరనంతా చుక్కలు చుక్కలుగా నేలపాలు చేయడానికి సంతోషంగా సిద్ధమవుతున్నారు. నేను నోరు విప్పకపోతే వచ్చే దగ్గుకి తిప్ప సగం ఖాళీ. లేచి నిలబడ్డాను.

"వాటాలు వెయ్యలేదు పెద్దయ్యా. ఎర ముగ్గురికే వేశాను, నిండుగా. మిగతా ఆరుగురికీ ఉప్పునీళ్ళు వేశాను. ముగ్గురు బతికింది అందుకే."

గంగులమ్మ నా మీదికి వచ్చింది. జుట్టు పట్టుకుని, "మావోడి వాటా దాసేయడానికి నువ్వెవత్తివే? నీల్లు పొడిసేవా? నమ్మి సెయ్యి సాపిన మనిసికి నీల్లు పొడిసేవా?" అని కొట్టింది. నేను ఆపలేదు. ఎవరూ ఆపలేదు. చివరికి గవరయ్యే అడ్డం వచ్చాడు.

"నన్నెందుకే?" అన్నాడు నాతో. "నాకొద్దని సెప్పేవోణ్ణి గదా! నీ సెల్లికి ఏసుకోక, నన్నెందుకే ఉంచేవు?"



పోలయ్య తీర్పు చెప్పాడు. ఇంకొకరి వాటా దాచినవాళ్ళకి మా తిప్పలో వాటా ఉండదు. చేప ఉండదు, పలకరింపు ఉండదు. "మరి ఎరో?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. ఆ ముగ్గురూ బతికి అక్కడే కూర్చుని ఉన్నారు, వాళ్ళని చూడకుండా ఎవరి వల్లా కాలేదు.

"ఎర ఆవిడే సేత్తాది," అన్నాడు పోలయ్య. "ఎవరికెయ్యాలో కూడా ఆవిడే సూసుకుంటాది. మనం అడగొద్దు."

వెలి నాకే, ఎంపికా నాకే. వాళ్ళు చేతులు కడుక్కున్నారు. కోపంతో ఒళ్ళు మండిపోయింది, కానీ వాళ్ళ చోట నేనున్నా అదే చేసేదాన్నేమో.

చీకటి పడకముందే నూకరాజు వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"దానికి తెలుసా వదినా, నీల్లని?"

"తెలుసు."

"మరి దాని వాటా ఏసేవని నాతో సెప్పిందే."

"నువ్వు కాసేపు పడుకోవాలని చెప్పింది."

గుమ్మం మీదే కూలబడి ఏడ్చాడు. "నాను ఐసులో ఎట్టకపోతే బతికేదా?" అని అడిగాడు. లోవతల్లిలా అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. "బతికేదేమో," అన్నాను. తల ఊపాడు. లేచి వెళ్తూ తన వాటా చేపలో సగం గడప మీద పెట్టి పోయాడు.

శుద్ధ నవమి

గట్టు నుంచి పొరలు వచ్చాయి. బాతులు మాత్రం ఇంకా సరిగ్గా పెట్టడం లేదు. ఒక్కదాన్నే కూర్చుని గుడ్లు కొట్టాను, ఒక్కదాన్నే నొక్కాను. ఇద్దరికి సరిపడా ఎర తయారైంది.

ముగ్గురు దగ్గుతున్నారు. ధనకొండ మొగుడు, నూకరాజు, గంగులమ్మ కూతురు ముత్యాలు. ముత్యాలుకి ఏడేళ్ళు. నేను ముఖాలు చూడలేదు, గిన్నెలే చూశాను. మగవాళ్ళిద్దరివీ తేటగా ఉన్నాయి. గంగులమ్మ ఎవరితోనో పంపిన పిల్ల గిన్నె తుప్పు రంగులో ఉంది. వెలి పడిన దాని గుమ్మం తొక్కకూడదని గంగులమ్మ రెండు రోజులు ఆగింది, ఆ రెండు రోజుల్లో వచ్చింది ఆ రంగు.

ధనకొండ మొగుడికి ముందే వేశాను. నూకరాజు మాత్రం చెయ్యి చాపనన్నాడు. "ఆ పిల్లకెయ్యి వదినా."

"వేస్తే పిల్లా దక్కదు, నువ్వూ దక్కవు. నాతో వాదించకు, నాకు ఓపిక లేదు," అని కసిరి, వాడి చెయ్యి పట్టుకుని పొడిచాను. నా మరిది కాబట్టి వేశాననే అంటారు. అననీ.

తర్వాత గంగులమ్మ వచ్చింది. పిల్లని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. నాతో మాట్లాడకూడదు గనక మాట్లాడలేదు. పిల్ల మొహం నా వైపు తిప్పి చూపించింది. ముత్యాలు కళ్ళు తెరిచే ఉంది, నన్ను చూసి భయపడింది.

పిల్లని లోపల పడుకోబెట్టించి, గంగులమ్మని బయటికి తీసుకెళ్ళి, "ఎర లేదు. ఉన్నా ఈ స్థితిలో పనిచెయ్యదు. నీకు అబద్ధం చెప్పను," అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. లోపల దగ్గుతున్న పిల్లవైపు చూసి, ఆ తర్వాత నావైపు చూసి, నాలుగు రోజుల వెలి దాటి నాతో మాట్లాడింది.

"నీల్లయినా ఎయ్యే," అంది. "అందరికీ ఏసి తనకి ఎయ్యలేదని అనుకుంటాది. అది అలా అనుకుంటా పోకూడదు."

ఉప్పునీళ్ళు కాచి చల్లార్చాను. గంగులమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది, నేను సూది వేశాను.

"ఇంక తగ్గిపోద్దా?" అని ముత్యాలు నన్నే అడిగింది.

"తగ్గిపోద్దమ్మా," అన్నాను.